తొడ ఎముక లెక్క

జూలై 6, 2025, ఆదివారం. ప్రొద్దుటూరు

సీటీ స్కాన్‌లో ఎముక అంటే అంకెలే. నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి అని పెట్టుకున్న కొలతలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను ముందు సాంద్రతగా మార్చాలి, సాంద్రతను గట్టిదనంగా మార్చాలి. గట్టిదనం తెలిసిన తర్వాత ఆ ఎముక మీద మనిషి బరువు మోపి, ఏ చోట విరుగుతుందో, ఎంత బరువుకు విరుగుతుందో లెక్క కట్టొచ్చు. ఎం.టెక్‌లో నా థీసిస్ అంతా ఈ మూడు మెట్లే.

మొదటిది స్కాన్ మిషన్ పని. మూడోది సమీకరణాల పని, దానికి జె.ఎన్. రెడ్డి గారి ఫైనైట్ ఎలిమెంట్ పుస్తకం పక్కనే ఉంది. నడిమి మెట్టు దగ్గరే మనసు ఆగిపోతోంది. తొడ ఎముక మెడ భాగానికి 2003లో మోర్గన్, బైరక్తార్, కీవెనీ ఇచ్చిన సూత్రాన్ని అందరిలాగే నేనూ వాడుతున్నాను. ఘన సెంటీమీటరుకు ఇన్ని గ్రాములని సాంద్రత తీసుకొని, దాన్ని 1.49 ఘాతానికి పెంచి, 6850తో గుణిస్తే మెగాపాస్కల్స్‌లో గట్టిదనం వస్తుంది. సాంద్రత 20 శాతం పెరిగితే గట్టిదనం 31 శాతం పెరిగినట్టు లెక్క. సూత్రం చిన్నదే కానీ దాని వెనక చాలా చాకిరీ ఉంది. చనిపోయినవాళ్ళ శరీరాల నుంచి ఎముక ముక్కలు కోసి, యంత్రంలో నొక్కి, ఒక్కొక్కటి కొలిచి కట్టారు. ఆ ఎముకలు ఏ నీళ్ళు తాగి పెరిగినవో సూత్రంలో లేదు.

జూలై 8, మంగళవారం

మెష్ ఇంట్లో లాప్‌టాప్ మీద చేస్తాను. ఎముకను చిన్న చిన్న నాలుగు ముఖాల గడ్డలుగా కోసుకుంటూ పోవడమే మెష్ అంటే. ఇప్పుడు రెండు లక్షలు దాటాయి. పెద్ద లెక్కను హైదరాబాదు సర్వర్‌కు పంపి పడుకుంటే పొద్దునకు జవాబు వస్తుంది.

డెనిస్ నోబుల్ సంగతి గుర్తొచ్చింది. గుండె కణం కొట్టుకునే తీరును 1960లో మొదటిసారి గణితంలో పెట్టిన ఆయన. అప్పటికి లండన్ విశ్వవిద్యాలయం మొత్తానికి ఫెరాంటి మెర్క్యురీ అనే కంప్యూటరు ఒక్కటే. ఆ కుర్ర విద్యార్థికి వాళ్ళిచ్చిన సమయం తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు దాకా. ఆయన ఆధారం చేసుకున్నది హాడ్జ్‌కిన్, హక్స్‌లీల 1952 నాటి పని. స్క్విడ్ అనే సముద్ర జీవి నరంలో విద్యుత్తు ఎట్లా పారుతుందో చెప్పే ఆ సమీకరణాలను హక్స్‌లీ చేతితో తిప్పే లెక్కల మిషన్ మీద సాధించాడు. గుండెను కంప్యూటర్‌లో ఆడించాలన్న విద్య అంతా ఆ చేతి మిషన్ దగ్గర మొదలైంది. మన ఊళ్ళో సౌకర్యాలు లేవు కదా అని ఎవరన్నా అంటే ఈ మాట చెప్పాలి.

జూలై 13, ఆదివారం

పక్కింటి అత్త అడిగింది: "ఏం చదువుతాండావు పాపా? డాక్టరా, ఇంజనీరా?"

రెండింటికీ మధ్యది అన్నాను. ఆమె ఒప్పుకోలేదు, మధ్యది అంటే ఏ ఉద్యోగమని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఇట్లా చెప్పాను: డాక్టరు మందు రాసేటప్పుడు, కోత కోసేటప్పుడు, వందల మంది మీద ఏది పనిచేసిందో దాన్ని బట్టి చేస్తాడు. మీ గుండె, మీ ఎముక, మీ మూత్రపిండం ఆ వందల మందిలాంటివే అన్న నమ్మకంతో చేస్తాడు. మీ స్కాన్ తీసుకొని, మీ ఒక్కరి గుండెనే కంప్యూటర్‌లో కట్టి, ముందు దాని మీద చేసి చూసి, ఆ తర్వాత మీకు చేయాలా వద్దా అని చెప్పేదే మా చదువు. ఆమె కాసేపు ఊరుకుని, "మరి నా బొమ్మ మీద చేసేటప్పుడు నాకు నొప్పి పుట్టదు కదా" అంది. పుట్టదు. దీని కోసమే ప్రపంచమంతా ఇంత కష్టపడుతోంది.

జూలై 20, ఆదివారం. పులివెందుల

జేజి ఊరు వచ్చాను. పులివెందుల బస్టాండు నుంచి ఆటో. దారి పొడవునా అరటి, చీనీ తోటలు. ఊళ్ళోకి కొళాయి నీళ్ళు వచ్చి చాన్నాళ్ళయింది. అంతకుముందు బాయి నీళ్ళు, ఆ తర్వాత బోరు నీళ్ళు. జేజి ఒంట్లో ఉన్నది ఆ బాయి, బోరు నీళ్ళ కాలమే.

తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్ళు చెడే జబ్బు ఫ్లోరోసిస్. దాన్ని పట్టుకోవడానికి ఊళ్ళలో డాక్టర్లు చేయించే మూడు పనులు ఉన్నాయి. వంగి కాలి బొటనవేళ్ళు ముట్టుకోవాలి. గడ్డాన్ని రొమ్ముకు ఆనించాలి. రెండు చేతులూ పక్కలకు చాచి, మడిచి తల వెనక పెట్టుకోవాలి. మంచం పక్కన నిలబెట్టి జేజితో చేయించాను. వేళ్ళు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి. గడ్డం వంచమంటే నడుమంతా ముందుకు వచ్చింది, మెడ మాత్రం వంగలేదు. చేతులు చెవుల దాకా వచ్చి నిలిచిపోయాయి. నవ్వినప్పుడు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు. ఇదంతా ముసలితనమనే ఆమె అనుకుంటోంది.

"కంప్యూటర్లో నా కాలు పెడతావంటనే పాపా? నొప్పి దానికి తెలుస్తాదా?"

"నొప్పి తెలీదు జేజీ. ఎముక ఎంత బలంగా ఉందో తెలుస్తాది."

"బలమెక్కడిది మే. మొన్న జారి పడితే మీ చిన్నాయన ఎత్తుకోనొచ్చినాడు."

అదృష్టం, ఏమీ విరగలేదు.

జూలై 21, సోమవారం. పులివెందుల

రాత్రంతా ఇదే ఆలోచన. ఫ్లోరైడ్ ఎముకలోకి చేరి ఏం చేస్తుంది? ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట తాను కూర్చుంటుంది. కొత్త ఎముకను పుట్టిస్తుంది కానీ ఆ కొత్త ఎముక అల్లిక సరిగా ఉండదు. ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. అంటే సాంద్రత ఎక్కువ. నా సూత్రం దాన్ని చూస్తే ఏమంటుంది? ఇది చాలా గట్టి ఎముక అంటుంది.

జేజి తొడ ఎముకను స్కాన్ చేసి నా మోడల్‌కు ఇస్తే, ఈమెకు ఎముక విరిగే భయం తక్కువ అని జవాబు రావచ్చు.

జూలై 22, మంగళవారం. ప్రొద్దుటూరు

1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన మాయో క్లినిక్ ప్రయోగాన్ని మళ్ళీ చదివాను. ఎముకలు గుల్లబారిన 202 మంది ఆడవాళ్ళను తీసుకొని, సగం మందికి రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ నాలుగేళ్ళు ఇచ్చారు. ఫ్లోరైడ్ ఎముకను పెంచుతుంది కాబట్టి మందుగా పనికొస్తుందని ఆశ. వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసల విరుపులు మాత్రం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. మిగతా ఎముకల విరుపులు మందు తీసుకున్నవాళ్ళలో 72, తీసుకోనివాళ్ళలో 24.

అమెరికాలో ఇది ఒక మందు ఓడిపోయిన కథ. ఇక్కడ ఇది నీళ్ళ కథ. ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట బయటపడింది మన వైపే. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల మీద షార్ట్, తక్కినవాళ్ళు రాశారు. దాదాపు తొంభై ఏళ్ళు. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణం. మా బోర్లు దాన్ని దాటిన ఊళ్ళు ఎన్నో.

గైడ్ గారికి మెయిల్ రాశాను. ఒక్కటే ప్రశ్న: మా సూత్రం ఫ్లోరోసిస్ ఎముకకు వర్తిస్తుందని ఎవరైనా సరిచూశారా?

జూలై 25, శుక్రవారం

జవాబు వచ్చింది. "ప్రశ్న మంచిదే. థీసిస్ పరిధి దాటుతుంది. పరిమితులు అన్న భాగంలో ఒక పేరా రాయండి."

నాకు ఆ పేరా చాలదు.

ఆగస్టు 3, ఆదివారం. పులివెందుల

పెద్దనాయనకు రొమ్ము నొప్పి వస్తే తిరుపతిలో యాంజియోగ్రామ్ చేశారు. ఒక నాళంలో సగానికి పైగా పూడిక ఉందన్నారు. స్టెంటు వేయాలా, మందులతో చూడాలా అని ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారట. ఇంట్లో అందరూ నా మొహం చూశారు. నేను డాక్టర్ను కాదు. కానీ ఆ రెండు మాటలు ఎందుకు వచ్చాయో చెప్పగలను.

తోటలోకి తీసుకుపోయాను. డ్రిప్ ఫిల్టరుకు రెండు వైపులా ప్రెషర్ మీటర్లు ఉన్నాయి. మోటరు ఆడుతోంది. ముందర రెండు కేజీలు, వెనక ఒకటిన్నర చూపిస్తున్నాయి.

"ఇట్లుంటే ఏం చేస్తావు పెద్దనాయనా?"

"కడగాల్సిందే. తేడా అర కేజీ వచ్చిందంటే చివరి చెట్లకు నీళ్ళు పోవు."

"ఫిల్టరు విప్పి ఎంత చెత్త ఉందో చూసి చెప్తావా, మీటరు చూసి చెప్తావా?"

"మీటరే. చెత్త కండ్లకు ఎంత కనబడినా, నీళ్ళు పోతాంటే సాలు."

గుండె నాళంలో కూడా ఇదే లెక్క. పూడిక బొమ్మలో ఎంత కనపడిందన్నది ఒక సంగతి, దాని అవతల ఎంత ఒత్తిడి మిగిలిందన్నది ఇంకో సంగతి. అవతలి ఒత్తిడిని ఇవతలి ఒత్తిడితో భాగిస్తే వచ్చేదే ఎఫ్.ఎఫ్.ఆర్. 0.80 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే ఆ పూడిక రక్తాన్ని నిజంగా ఆపుతున్నట్టు. ఆయన ఫిల్టరుది 0.75. నాళంలోకి సన్నని తీగ పంపి దీన్ని కొలుస్తారు. 2009లో 1005 మంది మీద జరిగిన ఫేమ్ అనే పరీక్షలో, కేవలం బొమ్మ చూసి స్టెంట్లు వేసినదానికన్నా ఇట్లా కొలిచి వేసినప్పుడు స్టెంట్లూ తగ్గాయి, ఆ తర్వాతి ప్రమాదాలూ తగ్గాయి.

తీగ కూడా పంపకుండా, సీటీ స్కాన్ నుంచే ఆ మనిషి నాళాలను కంప్యూటర్‌లో కట్టి, రక్తాన్ని పారించి, ఈ అంకెను లెక్కగట్టే పద్ధతిని స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన చార్లెస్ టేలర్ బృందం తయారుచేసింది. హార్ట్‌ఫ్లో అన్న పేరుతో 2014లో అమెరికా ఎఫ్.డి.ఎ. అనుమతించింది. మా చదువు ఆసుపత్రి గడప దాటి లోపలికి పోయిన మొదటి గట్టి ఉదాహరణల్లో ఇదొకటి.

"మళ్ళా పోయి ఆ మీటరు పెట్టి చూడమంటాను" అన్నాడు పెద్దనాయన. అదే మంచిదన్నాను.

ఆగస్టు 4, సోమవారం

నిన్న పెద్దనాయనకు చెప్పనిది ఒకటి ఉంది. సీటీ నుంచి లెక్కగట్టేటప్పుడు నాళాల ఆకారం స్కాన్‌లో దొరుకుతుంది కానీ రక్తం ఎంత పారుతోందో దొరకదు. గుండె కండరం ఎంత ఉందో చూసి, ఇంత కండరానికి ఇంత రక్తం అని ఒక నిష్పత్తితో ఊహిస్తారు. ఆ కండరం అవతలి సన్న నాళాలు ఎంత అడ్డు పెడతాయో కూడా ఊహే. ఊహ తప్పని నేను అనడం లేదు. వందల మంది మీద తీగ కొలతతో పోల్చి నిలబెట్టారు. ఊహను నిలబెట్టే ఆ పనే అన్నిటికన్నా ముఖ్యమైన పని అంటున్నాను.

మనవాళ్ళ గుండె నాళాలు సన్నం అని అందరూ అంటారు. శరీర పరిమాణంతో సరిచూస్తే ఆ తేడా చాలావరకు పోయిందని చెప్పిన అధ్యయనాలూ ఉన్నాయి. అంటే మన గురించి మనం చెప్పుకునే మాటను కూడా కొలిచే నమ్మాలి.

ఆగస్టు 7, గురువారం

స్టెంటు మాట వచ్చింది కాబట్టి. క్షిపణుల కోసం లోహాలు తయారుచేసే చోట నుంచి మన గుండె స్టెంటు ఒకటి పుట్టింది హైదరాబాదులోనే. గుండె డాక్టరు సోమరాజు గారు, అబ్దుల్ కలాం గారు కలిసి చేసిన కలాం-రాజు స్టెంటు. 1990ల నాటి మాట, విదేశీ స్టెంట్లు మామూలు మనిషి కొనలేని కాలం. కలాం గారే నిమ్స్‌లో పోలియో పిల్లల కాళ్ళకున్న మూడు కిలోల ఇనుప కాలిపర్లు చూసి, అగ్ని క్షిపణికి వాడే పదార్థంతో 300 గ్రాములకు తెచ్చారు. ఆసుపత్రికి పోయి పిల్లల కాళ్ళు చూశారు కాబట్టి ఆ పని జరిగింది. మా సిలబస్‌లో ఆసుపత్రికి పోయి చూసే పేపరు లేదు.

ఆగస్టు 24, ఆదివారం. జమ్మలమడుగు

క్యాంబెల్ ఆసుపత్రి ఆవరణలో చాలాసేపు కూర్చున్నాను. లండన్ మిషన్ వాళ్ళు పెట్టిన ఆసుపత్రి. పాత రాతి కట్టడాలు, చెట్లు. వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారు డాక్టరు చదివి వచ్చి మొదట పనిచేసింది ఇక్కడే. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి గారి పేర ఆసుపత్రి కట్టారు. ముఖ్యమంత్రి అయ్యాక 2007లో ఆరోగ్యశ్రీ అనే ఉచిత వైద్య పథకం తెచ్చారు. రాజకీయంగా ఎవరు ఏమనుకున్నా, గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవాలన్న భయం మా వైపు చాలా ఇండ్లలో అప్పుడు తగ్గింది. నేను పక్క వీధుల్లో చూసింది ఇది.

ఆరోగ్యశ్రీతో ఇంకొకటి కూడా జరిగింది. ఆపరేషన్‌కు ముందు అనుమతి కోసం స్కాన్లు, యాంజియోగ్రామ్‌లు కంప్యూటర్‌లో పంపడం మామూలైపోయింది. మన మనుషుల గుండెల బొమ్మలు, ఎముకల బొమ్మలు ఏళ్ళ తరబడి పోగయ్యాయి. రోగి ఒప్పుకుని సంతకం పెట్టి, పేరు, ఊరు తీసేసి, ఆ బొమ్మలను చదువుకునేవాళ్ళకు ఇచ్చే పద్ధతి ఒకటి ఉండాలి. 2023 నాటి డేటా రక్షణ చట్టం ఉంది, ఐ.సి.ఎం.ఆర్. 2017 నైతిక మార్గదర్శకాలు ఉన్నాయి. దారి మూసి లేదు, నడిచేవాళ్ళు కావాలి.

ఒక రిటైర్డ్ రేడియోగ్రాఫర్‌ను కలిశాను. ఆయన మాట: "ఫ్లోరైడ్ ఊళ్ళ వాళ్ళ ఎక్స్‌రే డార్క్‌రూమ్‌లో కడుగుతుంటేనే తెలిసిపోయేదమ్మా. సుద్దముక్క మాదిరి తెల్లగా వచ్చేది. నేను ఊరి పేరు అడిగేవాణ్ణి, చెప్పినారంటే అదే ఊరు." ఆయన చేతుల మీదుగా పోయిన ఫిల్ములన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయో.

సెప్టెంబరు 6, శనివారం. పులివెందుల

బి.టెక్ చదివిన కాలేజీకి పోయాను. జె.ఎన్.టి.యు. అనంతపురం వాళ్ళ పులివెందుల కాలేజీ. 2006లో మొదలైంది. చివరి సంవత్సరం మెకానికల్ పిల్లలతో ఒక గంట మాట్లాడమన్నారు. రెండు గంటలు అయింది.

వాళ్ళడిగినవి: గేట్ ఏ పేపరు రాయాలి? బయోమెడికల్ ఇంజనీరింగ్‌కు 2020 నుంచి వేరే పేపరు ఉంది, మెకానికల్ పేపరుతో కూడా చాలా చోట్ల తీసుకుంటారు. బయాలజీ రాదు కదా? ఇంటర్ ఎంపీసీ పిల్లలే ఇక్కడికి ఎక్కువ వస్తారు. శరీర నిర్మాణం, శరీర ధర్మం మొదటి సెమిస్టర్‌లో నేర్పుతారు, కష్టపడితే వస్తుంది. ఉద్యోగాలు? బెంగళూరులో స్కాన్ మిషన్లు చేసే పెద్ద కంపెనీల ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి, హైదరాబాదులో మెడ్‌ట్రానిక్ ఉంది, విశాఖలో 2018 నుంచి మెడ్‌టెక్ జోన్ ఉంది. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చొద్దని కూడా చెప్పాను. డబ్బు పెట్టి కొనాలా? త్రీడీ స్లైసర్, సిమ్‌వాస్కులర్, ఓపెన్‌ఫోమ్, ఫెనిక్స్ అన్నీ ఉచితం. హాస్టల్‌లో ఈ రాత్రే దించుకోవచ్చు.

వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మనవాళ్ళు ఎవరైనా ఇందులో ఉన్నారా?" అంది. జె.ఎన్. రెడ్డి గారి పేరు చెప్పాను. వరంగల్ వైపు పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో ప్రొఫెసరై, 1984లో ఆయన రాసిన ఫైనైట్ ఎలిమెంట్ పుస్తకం ప్రపంచమంతా పాఠ్యపుస్తకం. ఎముకను ముక్కలుగా కోసి లెక్కగట్టే పద్ధతి అదే. తెలుగులో సైన్సు రాసిన వేమూరి వేంకటేశ్వరరావు గారి పేరూ చెప్పాను. కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్సు చెబుతూ 1978లోనే సంక్లిష్ట వ్యవస్థల మోడలింగ్ మీద పుస్తకం రాసిన మనిషి. ఆ అమ్మాయి రెండు పేర్లూ రాసుకుంది.

సెప్టెంబరు 14, ఆదివారం. ప్రొద్దుటూరు

నాయన షుగరు పొద్దున 168. సంగటి, ఊరిబిండి తిన్న రెండు గంటలకు మళ్ళీ చూశాం, అనుకున్నంత పెరగలేదు. వరన్నం తిన్న రోజు పెరుగుతుంది. ఒక ఇంటి కొలత ఇది, దీన్నుంచి ఏమీ నిరూపించడం లేదు.

కానీ ఈ విద్యలో ఎక్కువ గెలిచింది షుగరు మోడలే. వర్జీనియా, పాడువా విశ్వవిద్యాలయాల వాళ్ళు కలిసి కట్టిన టైప్-1 షుగరు సిమ్యులేటర్‌ను ఇన్సులిన్ పంపుల పరీక్షలో జంతువుల బదులు వాడొచ్చని 2008లో ఎఫ్.డి.ఎ. ఒప్పుకుంది. అందులో మూడు వందల మంది ఊహా రోగులు. వంద మంది పెద్దలు, వంద మంది కౌమారంలో ఉన్నవాళ్ళు, వంద మంది పిల్లలు. ఇప్పుడు దానంతట అదే ఇన్సులిన్ ఎక్కించే పంపులు వచ్చాయంటే అందులో ఈ మూడు వందల మంది పాలు పెద్దది.

ఆ మోడల్‌కు భోజనం అంటే ఇన్ని గ్రాముల పిండిపదార్థం. రాగి సంగటి ముద్దా, బియ్యం అన్నమూ గ్రాములు సమానమైతే దానికి ఒకటే. కడుపులో అరిగే వేగం వేరని చెప్పాలంటే ఎవరో ఒకరు కూర్చుని మన తిండితో కొలవాలి. జేజి ఎముక దగ్గరా, నాయన కంచం దగ్గరా నాకు ఎదురైంది ఒకే ప్రశ్న. మోడల్ ఒక్క మనిషిది అంటాం. అందులోని సూత్రాలు మాత్రం ఎక్కడో ఎవరి మీదో కట్టినవి.

సెప్టెంబరు 28, ఆదివారం

అమ్మవారిశాల వీధిలో అడుగు పెట్టే చోటు లేదు. దసరా ప్రొద్దుటూరులో చూడాల్సిందే. ఈ రోజు పని లేదు.

అక్టోబరు 11, శనివారం

ఒక కాలేజీ ల్యాబ్‌లో పాత స్నేహితురాలు పనిచేస్తుంది. ఇనుప కడ్డీలు లాగి తెంపే యంత్రం ఖాళీగా ఉన్న పూట రమ్మంది.

పొట్టేలు తొడ ఎముక కసాయి దగ్గర అడిగి తెచ్చాను. మాంసం పూర్తిగా గీకి, ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డ చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి గడ్డకట్టించాలి. ఎండిన ఎముక బతికున్న ఎముకలా విరగదు, పెళుసవుతుంది. స్కాన్ సెంటరు ఆయన రాత్రి మూసే ముందు సీటీ తీసి ఇచ్చాడు. సాంద్రత సరిగా తెలియాలంటే ఎముక కింద సాంద్రత తెలిసిన నమూనా దిమ్మె పెట్టి తీయాలి. మా ఊళ్ళో ఏ సెంటరులోనూ నాకది దొరకలేదు. గాలి, కొవ్వు, కండ అంకెలను ఆధారం చేసుకొని సరిచేశాను. అట్లా చేసే పద్ధతి ఉంది.

ఎముక అడుగు భాగం జారకుండా బిగించడానికి పళ్ళసెట్లు కట్టేవాళ్ళ అక్రిలిక్ పొడి వాడాం. ద్రవం కలిపితే వేడెక్కి గట్టిపడుతుంది. అచ్చులో ఎముకను నిటారుగా పట్టుకుని, అది గడ్డకట్టేదాకా చేయి కదపకూడదు. తర్వాత తలభాగం మీద ఇనుప గిన్నె బోర్లించి, యంత్రం నెమ్మదిగా దించాం. తెర మీద గీత తిన్నగా పైకి పోయింది, కొంచెం వంగింది, ఒక్కసారి పడిపోయింది. చప్పుడు గదంతా వినపడింది. మెడ కింది అంచున మొదలైన పగులు ఏటవాలుగా పైకి పోయింది.

నా మోడల్ పగులు మొదలయ్యే చోటును అక్కడే చూపించింది. విరగడానికి కావాల్సిన బరువు మాత్రం కలవలేదు. సూత్రం మనిషి ఎముకది, ఎముక పొట్టేలుది, తేడా రావాల్సిందే. పొట్టేళ్ళకు వేరే సూత్రం కట్టాలి. కట్టొచ్చు.

అక్టోబరు 12, ఆదివారం

కట్టొచ్చు అని రాసి పడుకున్నాను, లేచేసరికి మిగతాది తెలిసింది.

ఫ్లోరైడ్ ఊళ్ళలో ఆ నీళ్ళు తాగింది మనుషులే కాదు. గొర్రెలకూ పళ్ళ మీద ఆ చారలే వస్తాయి, కాళ్ళు కుంటుతాయి. మనుషులకు ఇంటింటికీ కొళాయి వచ్చింది కానీ గొర్రెలు ఇంకా బోరు తొట్టి దగ్గరే తాగుతున్నాయి. జేజి తొడ ఎముకను నేను యంత్రంలో పెట్టలేను. ఫ్లోరైడ్ ఊరి గొర్రె ఎముకను, ఫ్లోరైడ్ లేని ఊరి గొర్రె ఎముకను పక్కపక్కన పెట్టి, రెండింటి సాంద్రత స్కాన్‌లో చూసి, రెండింటినీ విరిచి, సాంద్రతకూ బలానికీ ఉన్న సంబంధం ఎంత మారిందో కొలవగలను. ఎముకలు ఎట్లాగూ కసాయి దుకాణం వెనక కుక్కలకు పోతున్నాయి. పశువైద్య కళాశాల ప్రొద్దుటూరులోనే ఉంది. యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ ప్రొద్దుటూరులోనే ఉంది. స్కాన్ సెంటర్లు ఊరి నిండా ఉన్నాయి. ఊళ్ళ నీళ్ళ లెక్కలు గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ దగ్గర ఉంటాయి. ఈ పని కాలిఫోర్నియాలో చేయడం కష్టం, ఇక్కడ సులభం.

అక్టోబరు 26, ఆదివారం

మోడల్‌ను ఎప్పుడు నమ్మాలి అన్నదానికి అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం 2018లో వి అండ్ వి 40 అనే ప్రమాణం తెచ్చింది. దాని సారం నాకు నచ్చింది: మోడల్ మంచిదా కాదా అని గాలిలో అడగొద్దు. ఏ పని కోసం, ఎవరి మీద, ఏ నిర్ణయానికి వాడుతున్నారో ముందు చెప్పాలి. ఆ నిర్ణయం తప్పితే మనిషికి ఎంత నష్టమో, అంత గట్టిగా సరిచూడాలి.

మా కోర్సులో దీనికి రెండు క్లాసులు. సాఫ్ట్‌వేర్‌కు ఒక సెమిస్టర్. ఇది తారుమారు కావాలి. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.బి.బి.ఎస్. చదివినవాళ్ళకు మూడేళ్ళ మాస్టర్స్ ఉంది, డాక్టర్లు ఇంజనీరింగ్ నేర్చుకుంటారు. మద్రాసు ఐఐటీ 2023లో వైద్య శాస్త్రాలకు వేరే విభాగమే పెట్టింది. హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవ సూపర్ కంప్యూటర్ ఉంది. పైమెట్లు పడ్డాయి. కింద మెట్టు ఇంకా పడలేదు. మోడలింగ్ చదివే ప్రతి ఇంజనీరూ ఒక సెమిస్టర్ జిల్లా ఆసుపత్రిలో, ఏరియా ఆసుపత్రిలో ఉండాలి. ఎముకల డాక్టరు వెనక ఓపీలో నిలబడాలి. రోగి ఊరి పేరు, తాగిన నీళ్ళు, మోసిన బరువులు అడగడం నేర్చుకోవాలి. ఆ రేడియోగ్రాఫర్ ఊరి పేరు అడిగి ఎముక సంగతి చెప్పేవాడు. నా మోడల్‌లో ఊరి పేరుకు గడి లేదు.

నవంబరు 2, ఆదివారం. జమ్మలమడుగు

సంతలో గొర్రెల కాపర్లతో మాట్లాడాను. ఏ మంద ఏ ఊరి నీళ్ళు తాగుతుందో వాళ్ళకు నోటికే వచ్చు. ఒకాయన గొర్రె నోరు తెరిచి పళ్ళు చూపించాడు. చారలున్న గొర్రెను సంతలో తక్కువకు అడుగుతారట, మేత సరిగా నమలలేదని.

నవంబరు 9, ఆదివారం. ప్రొద్దుటూరు

గైడ్ గారితో వీడియోలో గంటసేపు. పొట్టేలు ఎముక పగులు ఫోటో, మోడల్ బొమ్మ పక్కపక్కన చూపించాను. 1990 నాటి అంకెలు చూపించాను. ఆయన చాలాసేపు చదివి, "పరిమితుల్లో పేరా కాదు, ఇది ఒక అధ్యాయం. తొందరపడి మనుషుల మాట ఎత్తొద్దు, ముందు గొర్రెల దగ్గర సంబంధం మారిందో లేదో చూపించండి" అన్నారు. మారకపోతే? మారలేదనే రాస్తాను. అప్పుడు ఫ్లోరైడ్ ఊళ్ళలో కూడా పాత సూత్రాన్ని ధైర్యంగా వాడుకోవచ్చు, అది కూడా పనికొచ్చే జవాబే.

చేయాల్సినవి రాసుకున్నాను. కాపర్ల నుంచి ఎముక తీసుకునేటప్పుడు గొర్రె వయసు, ఊరు, తాగే నీళ్ళు రాసే ఒక పేజీ ఫారం, తెలుగులో. అదే ఊళ్ళ నీళ్ళ నమూనాలు, ఒక్కో సీసా మీద బోరు గుర్తుతో. స్కాన్‌కు సాంద్రత నమూనా దిమ్మె హైదరాబాదు నుంచి తెప్పించాలి, ఈసారి అంచనాలతో సరిపెట్టను. ఎముకలో ఫ్లోరైడ్ ఎంతుందో బూడిద చేసి కొలిచే ల్యాబ్ వెతకాలి. యంత్రం డిసెంబరు సెలవుల్లో ఖాళీ. జేజిని ఎముకల డాక్టరుకు చూపించాలి, దానికి ఏ మోడలూ అక్కర్లేదు, బుధవారం పులివెందుల ఓపీకి తీసుకుపోతున్నాను.